బండెక్కిన పాత స్పీకర్లు

సోలాపూర్ జోడ్‌భావి పేట్ హమాలీలకు సాంచె ఎత్తడం కొత్త పని కాదు. వందల కిలోలు తూగే ఈ మరమగ్గాన్ని పునాది బోల్టుల నుంచి విడదీస్తారు. కింద ఇనుప గొట్టాలు పరిచి, గడ్డపారలతో కొద్దికొద్దిగా జరుపుకుంటూ ఇరుకు గల్లీలోంచి టెంపో దాకా తెస్తారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు సోలాపూర్‌లో స్థిరపడ్డ ప్రాంతాన్ని ఊళ్ళో అంతా ‘పూర్వ భాగ్’ అంటారు. అక్కడ సాంచె నేసినవాళ్ళతో పాటు సాంచె మోసినవాళ్ళూ తయారయ్యారు. అంత నేర్పున్న చేతులు ఒక పాత సినిమా హాలు స్పీకరును ఎత్తితే మాత్రం ఫలితం ఎప్పుడూ ఒకేలా ఉండదు. పెట్టె మీద గీత కూడా పడదు. ఇంటికి తెచ్చి పాట పెడితే గరగర వినిపిస్తుంది.

ఎందుకిలా అని అడిగితే తలా ఒక మాట చెబుతారు. మైకు సెట్టు నడిపేవాళ్ళు యూనిట్లు విప్పేయమంటారు. పాత స్టీరియోలు సేకరించేవాళ్ళు ఒక్క స్క్రూ కూడా ముట్టుకోవద్దంటారు. నిలబెట్టి తేవాలని ఒకరు, వెల్లకిలా పడుకోబెట్టాలని ఇంకొకరు. చద్దర్లు చుడితే చాలనే వాళ్ళున్నారు, చెక్క డబ్బా కట్టించకుండా గడప దాటించని వాళ్ళూ ఉన్నారు. ఈ సలహాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే తగాదాలో సగం పెట్టెను మాత్రమే చూడటం వల్ల వచ్చిందని తెలుస్తుంది. దారిలో దెబ్బ తగిలేది ఎక్కువగా లోపల వేలాడే అయస్కాంతానికి. అది ఎంత బరువు, దేనికి బిగించి ఉంది, ఏ వైపుకు వేలాడుతోంది అన్న మూడూ తెలిస్తే, ఎవరి సలహా ఏ స్పీకరుకు పనికొస్తుందో చాలావరకు తేలిపోతుంది.

ముందు ఏ స్పీకర్ల గురించి మాట్లాడుతున్నామో చూద్దాం. ఈ పేటల్లో అందరికీ ఎరుకైనది భోంగా, అంటే మైకు సెట్టు హారను. మన దేశంలో దీని చరిత్ర స్వాతంత్ర్యోద్యమంతో ముడిపడి ఉంది. గాంధీ, నెహ్రూల సభల ఫోటోల్లో మైకు దగ్గర ‘షికాగో రేడియో’ అన్న పలక చాలాసార్లు కనిపిస్తుంది. అది అమెరికా కంపెనీ కాదు, బొంబాయికి చెందిన మోట్వానే కుటుంబానిది. కాంగ్రెస్ మహాసభలకు లౌడ్‌స్పీకర్లు ఊరూరికీ మోసుకెళ్ళి పెట్టిన నానిక్ మోట్వానే 1942 నాటి రహస్య కాంగ్రెస్ రేడియో కేసులో అరెస్టయ్యాడు కూడా. 1940లో మొదలైన అహూజా కంపెనీ సరుకు తర్వాతి కాలంలో గుడికీ బడికీ పెళ్ళి పందిరికీ చేరింది. సోలాపూర్‌లో నారళీ పున్నమికి సాగే మార్కండేయ రథోత్సవం, గణపతి మండళ్ళ ఊరేగింపులు ఈ భోంగాల మీదే ఏళ్ళ తరబడి నడిచాయి. తిలక్ 1893లో సార్వజనిక గణేశోత్సవాన్ని ఉద్యమంగా మలచకముందే, 1885లోనే తమ ఆజోబా గణపతి మొదలైందని ఈ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 1877లో మొదటి బట్టల మిల్లు వచ్చిన దగ్గర్నుంచి గిరణీ (మిల్లు) కూతతో నిద్ర లేచిన ఊరికి పెద్ద శబ్దం అంటే బెరుకు లేదు.

రెండో రకం సినిమా హాళ్ళలో తెర వెనక నిలబెట్టినవి. ఒకే తెర ఉన్న హాళ్ళు మూతపడుతుంటే ఇవి పాత సామాను కొట్లకు చేరుతున్నాయి. మూడోది 1960లు, 70ల నాటి ఇంటి స్టీరియోల పెద్ద పెట్టెలు. ఇవాళ్టి డీజే పెట్టెలు ఈ లెక్కలోకి రావు. వాటికి పిడులు, ఇనుప జాలీ, మూలలకు తొడుగులు ఉంటాయి. రోజూ ఎక్కించి దించడానికే చేసినవి అవి. సినిమా హాలు స్పీకరు అలాంటిది కాదు. దాన్ని ఒకసారి తెర వెనక నిలబెడితే హాలు ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉంటుందని చేసినవాడు అనుకున్నాడు. దానికి రెండో ప్రయాణం ఉంటుందని అతడు ఊహించలేదు.

ఇక దెబ్బ సంగతి. టెంపో వెనక తలుపు అంచు నుంచి పెట్టె జారి ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు కిందికి పడిందనుకుందాం. గచ్చు నేల మీద ఆ పాటు ఒక సెంటీమీటరులో ఆగిపోతే, ఆ క్షణంలో పెట్టెలోని ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు 30 రెట్లు తూగుతుంది. పాత 15 అంగుళాల వూఫర్లో, అంటే బేస్ పలికించే పెద్ద యూనిట్‌లో, అయస్కాంతం, ఇనుప పాత్ర కలిపి పది కిలోల దాకా ఉండటం మామూలే. అది ఆ కాసేపు 300 కిలోల బరువై తన స్క్రూలను, చట్రాన్ని, చెక్కను లాగుతుంది. కింద గట్టిగా కూరిన గోనె మెత్త ఉండి, అది ఆరు సెంటీమీటర్లు నొక్కుకుపోతూ ఆపితే అదే పది కిలోలు 50 కిలోలుగా మాత్రమే పనిచేస్తుంది. మెత్త చేసే పని ఇంతే, ఆగే దూరాన్ని పెంచడం. స్పీడ్ బ్రేకరు మీద ఎగిరిపడే దెబ్బ ఇంతకంటే చిన్నది. కానీ ప్రతి గల్లీ మలుపులోనూ ఒక స్పీడ్ బ్రేకరు ఉండే ఊళ్ళో అది ఒక్కసారితో పోదు. నలభై ఏళ్ళుగా సడలుతూ వచ్చిన స్క్రూ ఆ పోగుపడ్డ దెబ్బలకే ఊడుతుంది.

లోపల దెబ్బతినడమంటే ఏమిటో కూడా చూడాలి. కాగితపు కోనును కదిలించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, తిరుగాడే సందు చాలా సన్నం, తీగచుట్టకు ఇటూ అటూ మిగిలే చోటు మిల్లీమీటరులో కొంత భాగమే. అయస్కాంతం ఆ కాస్త పక్కకు జరిగినా కాయిల్ రాసుకుంటుంది, గరగర మొదలవుతుంది. ఇక్కడ పాత స్పీకర్లలో రెండు జాతులున్నాయి. 1970ల చివరి దాకా మంచి స్పీకర్లలో ఆల్నికో అయస్కాంతం వాడేవారు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం అది. 1978లో జైర్ దేశపు షాబా ప్రాంతంలో యుద్ధం వచ్చి కోబాల్ట్ ధర మండిపోయింది, కంపెనీలు వరసగా ఫెరైట్‌కు మారాయి. ఫెరైట్ అంటే కాల్చిన మట్టిపాత్ర లాంటి పదార్థం. పెద్ద చక్రంలా చేసి రెండు ఇనుప పలకల మధ్య జిగురుతో అతికిస్తారు. జిగురు వయసు మీరాక ఒక గట్టి పాటు చాలు, చక్రం పక్కకు జారుతుంది. పాతదానికంటే ఈ ‘కొత్త’ జాతికే ప్రయాణంలో ఎక్కువ ప్రమాదం ఉండటం విచిత్రం. ఆల్నికోకు వేరే బలహీనత ఉంది. బలమైన వేరే అయస్కాంతం పక్కన ఉంచితే దాని శక్తి కొంత తగ్గవచ్చు. అందుకే విప్పిన రెండు వూఫర్లను వెన్నుకు వెన్ను ఆనించి ఒకే డబ్బాలో కుక్కకూడదు.

విప్పాలా వద్దా అన్నది మొదటి తగాదా. భోంగా విషయంలో తగాదాకు చోటే లేదు. హారనుకు వెనక మర తిప్పి బిగించే యూనిట్ ఉంటుంది. ఎక్కువ వాటికి ఒకటీ మూడు బై ఎనిమిది (1⅜) అంగుళాల మర, అంగుళానికి 18 చుట్లు. చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. యూనిట్‌తో సహా హారనును టెంపోలోకి విసిరేస్తే, పొడవాటి గొట్టం చివర వేలాడే బరువు మొదలును విరిచేస్తుంది. విప్పాక యూనిట్ నోటికి గుడ్డ కట్టడం మరవకూడదు. హారను అంచు సొట్టపోతే కొట్టి సరిచేసే మనిషి దొరుకుతాడు, యూనిట్ లోపలి డయాఫ్రం చిరిగితే మాత్రం కొత్తది వెయ్యాల్సిందే.

వూఫర్ల దగ్గరికొచ్చేసరికి రెండు పక్షాలకూ న్యాయం ఉంది. విప్పేస్తే చెక్క మీదున్న భారం పోతుంది, పెట్టె తేలికవుతుంది, ఇద్దరు మెట్లు దించగలుగుతారు. కానీ విప్పే పనిలోనే ఎన్నో స్పీకర్లు చచ్చాయి. అయస్కాంతం స్క్రూడ్రైవరును లాగుతుంది, పట్టు జారితే మొన నేరుగా కాగితపు కోనులో దిగుతుంది. దశాబ్దాలుగా అతుక్కుపోయిన అంచు పట్టీని పీకితే దానితో పాటు చట్రం వంగుతుంది. నా మటుకు నేను ఇలా అనుకుంటాను. ఫెరైట్ వూఫరై, పెట్టె చెక్కపొడి పలకతో చేసినదైతే, దూరం ఒక పేట నుంచి ఇంకో పేటకైనా సరే విప్పాలి. ఆ పలకలో స్క్రూ పట్టు ఒకసారి పోతే మళ్ళీ రాదు. గట్టి ప్లైవుడ్ పెట్టెలో బోల్టులతో బిగించిన ఆల్నికో వూఫరై, అంతకుముందు ఎవరూ కదిలించకుండా ఉంటే, బిగువు సరిచూసి వదిలేయడం మేలు. విప్పితే తీగలు ఏ కొసకు ఏది అన్నది ముందే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవాలి. ఎర్రదీ నల్లదీ తారుమారైతే రెండు స్పీకర్లు ఒకదానికొకటి ఎదురు పనిచేసి బేస్ మాయమవుతుంది. అప్పుడు దారిలో పాడైందని టెంపోవాడిని తిడతారు.

విప్పిన అయస్కాంతాన్ని ఎక్కడ పెడుతున్నారన్నది జోడ్‌భావి పేట్ వంటి చోట ప్రత్యేకంగా చూడాలి. సాంచె సామాన్లు తయారుచేసే, బాగుచేసే వర్క్‌షాపుల్లో నేలంతా లేతు రజను. ఆ నేల మీద వూఫర్ ఒక్క నిమిషం పెట్టినా ఇనుప రజను సందులోకి పాకుతుంది, తర్వాత దాన్ని బయటికి తీయడం నరకం. కింద ప్లాస్టిక్ పట్టా వేసి, అయస్కాంతానికి ఇంకో సంచి తొడిగాకే పక్కన పెట్టాలి. నూలు దూది అంత చెడ్డది కాదు, ఊదితే పోతుంది.

రెండో తగాదా నిలబెట్టాలా, పడుకోబెట్టాలా అన్నది. మామూలుగా వినిపించే సలహా ‘ఎలా వాడతామో అలాగే తేవాలి’ అని. వినడానికి బాగుంది కానీ లెక్క వేరేలా ఉంది. నిలబెట్టిన పెట్టెలో అయస్కాంతం ముందు పలక నుంచి వెనక్కి పొడుచుకొచ్చి వేలాడుతుంది. బండి ఎగిరినప్పుడల్లా అది కిందికి వంగబోతుంది. ఆ మెలిక అంతా ఒక వైపు స్క్రూల మీద, పల్చటి చట్రం మీద పడుతుంది. పెట్టెను వెల్లకిలా, స్పీకరు ముఖం ఆకాశం వైపు ఉండేలా పడుకోబెడితే మెలిక పోతుంది, బరువు చట్రం చుట్టూ సమంగా పంచుకుంటుంది. అయితే ఒక షరతు ఉంది. వూఫర్‌ను ముందు వైపు నుంచి దించి బిగించి ఉంటే, వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు దాని అంచు పలక మీద కూర్చుంటుంది, స్క్రూలకు పనే ఉండదు. వెనక వైపు నుంచి బిగించి ఉంటే కథ తిరగబడుతుంది. పది కిలోలూ స్క్రూలకే వేలాడతాయి. పాత పెట్టెల్లో చాలావాటికి వెనక తలుపు తీసి లోపలి నుంచే వూఫర్ బిగించేవారు. అలాంటివాటికి నిలబెట్టడమే నయం, దారి దూరమైతే విప్పడం ఇంకా నయం. ముందు జాలీ తీసి చూస్తే ఏ రకమో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ రెండు నిమిషాలు వెచ్చించకుండా వాదించుకునేవాళ్ళనే ఎక్కువ చూస్తాం.

వెల్లకిలా ఉంచితే కోను కిందికి జారిపోతుందన్న భయం కూడా ఉంది. నెలల తరబడి గోడౌన్లో అలా ఉంచితే నిజమే, లోపలి గుడ్డ చక్రం సాగుతుంది. కొన్ని గంటల ప్రయాణంలో ఏమీ కాదు. బోర్లా పెట్టడం మాత్రం ఎప్పుడూ తప్పే, జాలీ మీద పెట్టె బరువంతా పడుతుంది.

మూడో సలహా కొందరికి మంత్రంలా అనిపిస్తుంది. స్పీకరు వెనక రెండు కొసలను చిన్న తీగతో కలిపేయమంటారు. ఇందులో మంత్రమేమీ లేదు. కోను కదిలితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. కొసలు కలిపి ఉంటే ఆ కరెంటే కదలికకు బ్రేకు వేస్తుంది. సున్నితమైన గాల్వనోమీటర్లను ప్రయోగశాలల్లో ఇలాగే కొసలు కలిపి మోస్తారు. ఎంత లాభమంటే, కొంత. పాత 15 అంగుళాల వూఫర్ సహజంగా ఊగే వేగం సెకనుకు 20 నుంచి 40 సార్లు. టెంపో బాడీ తన స్ప్రింగుల మీద ఊగేది సెకనుకు రెండు మూడు సార్లు. రెంటికీ పొత్తు కుదరదు కాబట్టి కోను ఎలాగూ పెద్దగా ఊగదు, రోడ్డు గరుకుదనం వల్ల వచ్చే సన్నటి అదురును మాత్రం తీగ తగ్గిస్తుంది. ఖర్చు లేని పని, చేస్తే తప్పు లేదు. కానీ ఆ తీగకు ఒక ఎర్ర దారం కట్టాలి. దాన్ని తీయడం మరిచి ఆంప్లిఫయర్ తగిలిస్తే స్పీకరు బతికినా ఆంప్లిఫయర్ బతకదు.

ప్యాకింగు దగ్గర సోలాపూర్‌కు ఒక వరం ఉంది, ఆ వరంతోనే ఒక భ్రమ కూడా ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపూర్ చద్దరు దళసరిది. నాలుగు చుట్లు చుడితే పెట్టె భద్రమని అందరూ అనుకుంటారు. చద్దరు గీతను ఆపుతుంది, దెబ్బను ఆపదు. నూలు బట్ట ఒకసారి నొక్కుకుపోతే తిరిగి పొంగదు కాబట్టి ఆగే దూరం మిగలదు. చద్దరు లోపల, దాని బయట వేస్ట్ నూలు గట్టిగా కూరిన గోనె మెత్తలు, ముఖ్యంగా అడుగున, ఆరు సెంటీమీటర్లు నొక్కుకుపోవడానికి చోటుండేంత మందంగా వేస్తే సరిపోతుంది. ఖరీదైన థర్మోకోల్ కంటే ఇది ఇక్కడ చవక, మళ్ళీ వాడుకోవచ్చు కూడా. చివర ప్లాస్టిక్ చుట్టి బిగించే అలవాటు నాకు నచ్చదు. వాన పడే రోజైతే తప్పదు, కానీ చైత్ర వైశాఖాల్లో సోలాపూర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన బండి లోపల ఇంకా ఎక్కువ. ఆ వేడిలో ప్లాస్టిక్ చుట్టిన పాత చెక్క చెమర్చుతుంది, పూర్వం వాడిన పశు జిగురు మెత్తబడుతుంది, పైపొర ఉబ్బుతుంది. 1970ల నుంచి వచ్చిన స్పీకర్లలో చాలావాటికి కోను చుట్టూ ఫోము పట్టీ ఉంటుంది. అది పదిహేను ఇరవై ఏళ్ళకే పిండిపిండి అవుతుంది. ప్రయాణంలో రాలిపోతే బండిని తప్పుపట్టకూడదు, అది బయల్దేరకముందే పోయింది. సినిమా హాలు స్పీకర్లలో వాడిన మడతల గుడ్డ పట్టీ ఇంకా గట్టిగా ఉంటుంది.

ఏ బండి? 2005లో టాటా ఏస్ వచ్చాక ఊళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు మారిపోయింది. ఛోటా హత్తీ అని జనం ముద్దుగా పిలిచే ఈ బండి మొదటి రకం ముప్పాతిక టన్ను మోస్తుంది, ఇరుకు గల్లీలోకి దూరుతుంది. దాని వెనక ఉన్నవి పట్టీ స్ప్రింగులు. ముప్పాతిక టన్ను కోసం చేసిన స్ప్రింగుల మీద నూట యాభై కిలోల స్పీకర్ల జత ఒక్కటే పెడితే ఆ స్ప్రింగు కదలనే కదలదు. గుంతలో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా సరుకుకు తగులుతుంది. ఖాళీ టెంపో ఎగురుతుంది, నిండు టెంపో ఊగుతుంది. స్పీకరుకు ఊగడమే మేలు. అదే దారిన చద్దర్ల మూటలు వెళ్ళే టెంపో దొరికితే, మూటలు కింద వేసి స్పీకర్లను వాటి మధ్య పడుకోబెట్టడం కంటే మంచి ఏర్పాటు లేదు. దొరక్కపోతే ఇసుక బస్తాలు. స్పీకర్లను వెనక చక్రాల ఇరుసుకు ముందే, క్యాబిన్ గోడ వైపు పెట్టాలి. తోక చివర దెబ్బ ఎక్కువవుతుంది. ఒక పేట నుంచి పక్క పేటకే అయితే గాలి టైర్ల తోపుడు బండి మీద నడిపించుకుంటూ తేవడాన్ని ఎవరూ ఎగతాళి చేయనక్కర్లేదు. మనిషి నడక వేగంలో తగిలే దెబ్బలు అసలు లెక్కలోకి రావు.

కట్టడం గురించి ఒక లెక్క చెప్పి ముందుకెళ్తాను. యూరప్‌లో సరుకు కట్టే నిబంధనల ప్రకారం గట్టి బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోసుకుంటుందని, మలుపుల్లో పక్కకు 50 శాతం అని లెక్కించుకోవాలి. ఉదాహరణకు సినిమా హాళ్ళలో వాడిన ఆల్టెక్ కంపెనీ ‘వాయిస్ ఆఫ్ ద థియేటర్’ ఏ-7 పెట్టె ఎత్తు నాలుగున్నర అడుగులు, వెడల్పు రెండున్నర, లోతు రెండు. బరువు సరిగ్గా మధ్యలో ఉందనుకున్నా, లోతును బండి పొడవు వైపు పెట్టి నిలబెడితే అది బోల్తా పడటానికి బరువులో 44 శాతం తోపు చాలు. వెడల్పు వైపు తిప్పితే 56 శాతం. రెండూ 80 కంటే తక్కువే. కాబట్టి నిలబెట్టి తేవాలనుకున్నవాళ్ళు దాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, పైభాగాన్ని కూడా కట్టి తీరాలి. నడుముకు ఒక్క తాడు చుట్టి వదిలేయడం కట్టినట్టు కాదు. నైలాన్ తాడు దారిలో సాగి వదులవుతుంది, ఆగిన ప్రతిచోటా బిగించుకోవాలి. జనపతాడు వానకు తడిస్తే కుంచించుకుపోయి చెక్క అంచును కోస్తుంది. రాట్చెట్ పట్టీ అన్నిటికంటే మంచిదే, కానీ దాన్ని బలం కొద్దీ బిగించే కుర్రాడి చేతిలో మూల తొడుగు లేని పెట్టె నలిగిపోతుంది. అడుగున రబ్బరు మ్యాట్ వేస్తే సగం పని తాడుతో అక్కర్లేకుండానే అయిపోతుంది. ఇనుప నేల మీద చెక్క జారినంత సులువుగా రబ్బరు మీద జారదు.

బయటి దేశాల్లో ఈ బాధను ముందే ఊహించిన వాళ్ళు కొందరున్నారు. 1946లో పాల్ క్లిప్ష్ మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్ స్పీకరు గది మూలలో నిలబెట్టే పెద్ద బీరువా లాంటిది. కానీ పై భాగం వేరు, కింది భాగం వేరు, రెండుగా విడదీసి మోయవచ్చు. దానికి పూర్తిగా ఎదురు 1957 నాటి జేబీఎల్ పారగాన్, దాదాపు తొమ్మిది అడుగుల పొడవు, మూడు వందల కిలోలకు పైగా బరువు. అందంలో దానికి సాటి లేదు, ఇంటి తలుపుతో మాత్రం దానికి ఎప్పుడూ పేచీయే. మూతపడ్డ అమెరికా సినిమా హాళ్ళ నుంచి పాత ఆల్టెక్, వెస్టర్న్ ఎలక్ట్రిక్ సామానును జపాన్ అభిమానులు సముద్రాలు దాటించి తెచ్చుకున్నారు. దూరం వాళ్ళకు అడ్డు కాలేదు.

సోలాపూర్ నుంచి హైదరాబాదుకు దారి 65వ నంబరు జాతీయ రహదారి, మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా మూడు రాష్ట్రాలు దాటాలి. పూర్వ భాగ్ ఇళ్ళకూ తెలంగాణకూ మధ్య పెళ్ళిళ్ళకూ పబ్బాలకూ తిరిగే దారే అది, స్పీకర్లు కొని అమ్మేవాళ్ళ దారి కూడా అదే. పెద్ద రోడ్డు బాగానే ఉంటుంది. దెబ్బలన్నీ మొదటి కిలోమీటరులోనూ చివరి కిలోమీటరులోనూ తగులుతాయి. కాగితాలు మాత్రం దారి పొడుగునా కావాలి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు ఉండాలి. సొంతంగా వాడుకున్న ఇంటి సామానుకు మినహాయింపు ఉంది గానీ, కొని తెచ్చుకుంటున్న స్పీకరును ఇంటి సామాను అని చెప్పి గట్టెక్కుదామంటే కుదరదు. సరుకు బండి పక్కలకో, ముందు వెనకలకో, ఎత్తుకో హద్దు మించి పొడుచుకొస్తే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం కింద జరిమానా 20,000 రూపాయలు.

ఎత్తు విషయం జరిమానాతో పోయేది కాదు. పెట్టెల మీద పెట్టెలు పేర్చి, ఆపైన భోంగాలు కట్టి గల్లీల్లో తిప్పేటప్పుడు తలపైన కరెంటు తీగలుంటాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథం తీగలకు తగిలి ఐదుగురు చనిపోయారు. హారను అల్యూమినియందని, అది బండికి అన్నిటికంటే ఎత్తైన కొస అని గుర్తుంటే, దాన్ని ప్రయాణంలో కిందే పడుకోబెట్టి, ఆగిన చోటే పైకెత్తుతారు. ఇక మోగించడమంటారా, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వద్దంటున్నాయి. పండగలకు ప్రభుత్వం ఇచ్చే సడలింపు ఏడాదికి 15 రోజులు మించదు.

ట్రాన్స్‌పోర్టు కంపెనీకి అప్పగించేవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని కింద 2011లో వచ్చిన నియమాల ప్రకారం, సరుకు విలువ ఎక్కువని ముందే ప్రకటించకపోతే కంపెనీ బాధ్యత కట్టిన కిరాయికి పది రెట్లకే పరిమితం. రెండు వేల కిరాయి కట్టి రెండు లక్షల స్పీకరు పంపితే, అది ముక్కలై దిగినా వచ్చేది ఇరవై వేలు. విలువ రాయించి, అందుకు అడిగిన అదనపు రుసుము కట్టడం చాలామందికి దండగగా తోస్తుంది. నాకైతే రాట్చెట్ పట్టీ కంటే అదే ముఖ్యం అనిపిస్తుంది. రైల్వే పార్సిల్‌లోనూ ఇంతే, విలువ ప్రకటించకపోతే పరిహారం బరువు లెక్కన వస్తుంది. పైగా రైల్లో ఎక్కించేవాళ్ళు వేరు, దించేవాళ్ళు వేరు. ‘వెల్లకిలా ఉంచండి’ అని పెట్టె మీద మరాఠీలో రాసినా తెలుగులో రాసినా చదివే తీరిక వాళ్ళకుండదు. ఎటు పడేసినా ఫర్వాలేదన్నంత గట్టి డబ్బాలో పెట్టగలిగితేనే రైలు మాట ఎత్తాలి.

దించాక వెంటనే ఆంప్లిఫయర్ తగిలించకూడదు. ఎర్ర దారం కట్టిన తీగ ముందు తీయాలి. తర్వాత కోను మీద రెండు చేతుల వేళ్ళు సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలాలి. నునుపుగా వెళ్ళి వస్తే మంచిది, ఇసుక మీద నడిచినట్టు తగిలితే అయస్కాంతం జరిగిందో, రజను చేరిందో తేల్చుకోవాలి. మల్టీమీటరుతో ఓములు చూడాలి. ఎనిమిది ఓముల వూఫర్ ఆరు చుట్టుపక్కల చూపిస్తే కాయిల్ తెగలేదని అర్థం. అప్పుడు సన్నటి సౌండుతో ఒక గొంతు పాట. గరగర వస్తే అక్కడే ఆపి, ఆల్నికో అయితే సొంతంగా విప్పే సాహసం చేయకూడదు. ఆ అయస్కాంతాన్ని దాని ఇనుప పాత్రలోంచి బయటికి తీస్తే శక్తి పోతుంది, తిరిగి నింపే యంత్రం ఉన్నచోటికే పంపాలి. ఇవన్నీ టెంపోవాడు ఉండగానే చేయడం కుదరదు కాబట్టి, దించిన చోటే పెట్టె నాలుగు వైపులా ఫోటోలు తీసి, మూల నలిగినా పట్టీ తెగినా ఆ సంగతి రసీదు మీద రాశాకే సంతకం పెట్టాలి. కంపెనీ మీద దావా వేయాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఫోనులో మొరపెట్టుకుంటే లెక్కలోకి రాదు.